మార్చి దాకా

హకొదాతెలో ట్రాము మలుపు తిరిగే చోట
నాదో పాత ఆటమిషన్ల కొట్టు.
మంచు పడే రోజుల్లో తలుపు గంట మోగితే
వచ్చింది గాలో మనిషో
తలెత్తి చూస్తే గానీ తెలీదు.

ఇప్పుడే కొనాలా, ఆగాలా?
అందరూ అడిగేదే.
ఆగమనే చెబుతాను.
మార్చిలో కొత్తది వస్తుందంటున్నారు,
అది వచ్చిన వారానికే దీని ధర జారిపోతుంది.
ఇలా చెబుతూ పోతే షట్టర్ దించుకోవాల్సిందే, అంటాడు
మా తమ్ముడు షుంజి.
నిజమే. కానీ కొన్న మర్నాడే ధర తగ్గితే
మూతి ముడుచుకుని ఆ డబ్బాతో తిరిగొచ్చే పిల్లలు
నిలబడేది నా ముందు, వాడి ముందు కాదు.

కురమోచి గారు మంగళ, గురు, శనివారాల్లో వస్తారు.
తక్కిన రోజుల సంగతి నేనెప్పుడూ అడగలేదు.
ముప్పై ఎనిమిదేళ్లు స్క్విడ్ పడవ మీద,
పెద్ద దీపాల కింద.
ఇప్పటికీ ట్యూబ్‌లైటు వైపు
కళ్లు చికిలించే చూస్తారు.
ఎప్పుడూ అదే అర, అదే నీలం మిషను,
తెర మూలన వెంట్రుకంత గీత.
ఇరవై ఒక్క వేల యెన్లు.
"మార్చిలో?"
"పదహారు వేలు కావచ్చండీ."
తల ఊపి, టోపీ దులిపి, వెళ్లిపోతారు.
నాలుగు వారాలు ఇదే వరస.

మొన్న గురువారం మాత్రం
"ఒంటి చేత్తో ఆడొచ్చా?" అన్నారు.
పక్క ముక్క ఎలా ఊడుతుందో చూపించాను.
టిక్ మంది. ఆ చప్పుడు నచ్చిందేమో
మళ్లీ తగిలించి, మళ్లీ ఊడదీశారు.
ఆ తర్వాత ఎడమ చొక్కా చెయ్యి పైకి మడిచారు.
ముంజేతి మీద తాడులా ఉబ్బిన నరం.
"వేలు పెట్టి చూడమ్మా."
పెట్టాను.
లోపల తుమ్మెదేదో తిరుగుతోంది.

"రక్తం వడపోత. సోమ, బుధ, శుక్ర.
నాలుగేసి గంటలు. ఈ చెయ్యి కదపకూడదు.
పైకప్పు పలకలు ఎనభై నాలుగు,
ఒకదాని మీద కుక్క ఆకారంలో మరక."

గల్లా పక్కనున్న క్యాలిక్యులేటర్ లాక్కున్నారు.
మార్చికి పదమూడు వారాలు, నూట యాభై ఆరు గంటలు.
మిగిలేది ఐదు వేలు.
ఒక్కో మీటా నొక్కి, అద్దాలు సర్దుకుని చదివారు:
"గంటకి ముప్పై రెండు యెన్లు.
ఆ కుక్కని చూస్తూ పడుకున్నందుకు నాకిచ్చే కూలి.
ఈ కూలికైతే
ఏ పడవా ఎక్కేవాణ్ణి కాదు."

అర అంచున దుమ్ము తుడుస్తూ నిలబడ్డాను.
అక్కడ దుమ్ము లేదు.

"ఇంకోచోట కూడా ఆగమనే అన్నారులే,
పేరు రాసుకుని.
ఎన్నేళ్లో వాళ్లకీ తెలీదు."
ఈ మాట మిషనుతో అన్నట్టు అన్నారు.

వెయ్యి తగ్గిస్తానంటే కోప్పడ్డారు.
నోట్లు తడిగా ఉన్నాయి, మంచువల్ల.
గీత కనపడకుండా అంటించే పొర ఇవ్వబోతే
వద్దన్నారు.
"గీతే కదా. ఉండనీ."

మంగళవారం మళ్లీ గంట మోగింది.
"ఇది చెడిపోయినట్టుంది, చూడు.
గాలం వేసీ వెయ్యగానే చేప పడుతోంది."
చూశాను. ఏమీ చెడిపోలేదు.
ఆ ఆట అంతేనండీ, అన్నాను.
"అయితే దీన్ని చేసినవాడు
ఒక్క రాత్రి కూడా నీళ్ల మీద కూర్చోలేదు."
అంటూనే బొటనవేలితో నొక్కుతున్నారు,
ఇంకో చేప, ఇంకో చేప,
కళ్లు చికిలించి.

ఆ సాయంత్రం స్కూలు సంచితో ఒక పిల్లాడు,
వెనకాల వాళ్లమ్మ.
ఇప్పుడే కొనాలా, ఆగాలా?
అలవాటుగా నోరు తెరిచాను.
"సోమవారాలు
ఏం చేస్తుంటావు నువ్వు?"

పిల్లాడు వాళ్లమ్మ వైపు చూశాడు.